తిరుపతి, చిత్తూరు ఇళ్ళకు బ్రాడ్‌బ్యాండ్ మోడెం: తీగ చూడటం నుంచి పెట్టె గోడకెక్కించేదాకా

షాపుకెళ్ళి "మోడెం కావాలన్నా" అంటే కౌంటర్ మీదికి నాలుగు రకాల పెట్టెలు వస్తాయి. ఒకటి ఫైబర్ పెట్టె, ఒకటి ఉత్త వైఫై రూటర్, ఒకటి పాత టెలిఫోన్ తీగకు పెట్టేది, ఇంకొకటి సిమ్ వేసేది. నాలుగింటికీ యాంటెనాలుంటాయి, అట్టపెట్టెల మీద పెద్ద పెద్ద అంకెలుంటాయి. పనికిరాని పెట్టె ఇంటికి రావడానికి కారణం చాలాసార్లు ఈ యాంటెనాలూ అంకెలే. ముందు తీగ చూడండి, తరువాత ఆపరేటర్‌ను అడగండి, ఆ తరువాత ఇంటి గోడలు చూసుకోండి. పెట్టె సంగతి చివర.

1. ఇంట్లోకి వచ్చే తీగ ఏది?

స్తంభం నుంచి వచ్చే నల్లటి సన్నని తీగ చివర ఆకుపచ్చ లేదా నీలం రంగు చతురస్రపు కనెక్టర్ ఉంటే అది ఫైబర్. తిరుపతి, చిత్తూరు టౌన్లలో కొత్త కనెక్షన్లు దాదాపు ఇవే. దీనికి కావలసిన పెట్టెను కంపెనీ వాళ్ళు ఓఎన్‌టీ అనో ఓఎన్‌యూ అనో అంటారు, మనం మోడెం అంటాం.

టెలిఫోన్ రోజుల నాటి రెండు రాగి తీగలైతే అది డీఎస్ఎల్. ఏడీఎస్ఎల్2+ రకంలో గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్, అదీ ఎక్స్ఛేంజి దగ్గరుంటేనే. ఆ వీధిలోకి ఫైబర్ వచ్చి ఉంటే దీనికోసం కొత్త మోడెం కొనడం దండగ, కనెక్షనే మార్చుకోండి.

మిద్దె మీది స్విచ్ నుంచి నీలం లేదా బూడిద రంగు ల్యాన్ తీగ దిగితే మీకు మోడెం అక్కరలేదు, రూటర్ చాలు. కానీ కరెంటు పోతే ఆ స్విచ్ కూడా ఆగుతుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోవడానికి కారణం అదే. ఫైబర్‌లో ఈ బాధ తక్కువ. వీధిలో ఉండే స్ప్లిటర్‌కు (ఒక ఫైబర్‌లోని వెలుతురును పలు ఇళ్ళకు పంచే డబ్బా) కరెంటు అవసరం లేదు. అటు ఆపరేటర్ గదిలో, ఇటు మీ ఇంట్లో బ్యాకప్ ఉంటే మధ్యలో వీధంతా చీకటైనా లైను నడుస్తుంది.

2. కొనకముందు ఆపరేటర్‌ను అడగవలసినవి

కేబుల్ ఆయన్నో, కంపెనీ టెక్నీషియన్‌నో ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోండి.

- లైను జీపానా, ఈపానా? రెండూ ఫైబరే, కనెక్టర్లు చూస్తే ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని పెట్టె ఇంకొకదానికి పనిచేయదు. "ఎక్స్‌పాన్" అని రాసి ఉన్నవి రెండింటికీ సరిపోయేలా చేసినవి.
- బయట కొన్న పెట్టెను మీ సిస్టమ్‌లో ఎక్కిస్తారా? జీపాన్‌లో పెట్టె సీరియల్ నంబరు, ఈపాన్‌లో మ్యాక్ అడ్రస్ (పెట్టె కింద రాసి ఉండే గుర్తింపు సంఖ్య) అటువైపు నమోదైతేనే లైను మేలుకుంటుంది. పెద్ద కంపెనీలు చాలావరకు ఒప్పుకోవు. చిన్న ఆపరేటర్లు ఒప్పుకుంటారు.
- లాగిన్ ఎలా? యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టే పీపీపీఓఈనా, తనంతట తానే కలిసేదా? వీల్యాన్ నంబరు (తీగలో నెట్ నడిచే దారికి ఆపరేటర్ పెట్టిన సంఖ్య) ఎంత? ఈ ఒక్క నంబరు తెలియక కొత్త పెట్టె రోజంతా ఉత్తినే లైట్లు వెలిగిస్తూ కూర్చుంటుంది.
- ల్యాండ్‌లైన్, టీవీ కూడా ఇదే తీగ మీద ఉన్నాయా? ఏపీ ఫైబర్‌నెట్ లాగా నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగలో ఇచ్చేచోట పెట్టె మారిస్తే టీవీ, ఫోన్ ఆగిపోవచ్చు.
- మీ పెట్టెను బ్రిడ్జి మోడ్‌లో (లాగిన్ పని నా రూటర్‌కు వదిలి, లైనును దాటించడం మాత్రమే చేసేలా) పెట్టిస్తారా? కాలిపోతే ఎవరు మారుస్తారు? డిపాజిట్ తిరిగి వస్తుందా?

జవాబులు చూశాక చాలా ఇళ్ళకు మా సలహా ఒకటే. ఫైబర్ పట్టుకునే పెట్టె ఆపరేటర్‌దే ఉండనివ్వండి, దాని వైఫై ఆపేయండి, దాని వెనక మీ సొంత రూటర్ పెట్టుకోండి. లైను చెడితే వాళ్ళ పెట్టె వాళ్ళే చూసుకోవాలి, "మీరు బయట కొన్న మోడెం వల్లే" అనే మాట పుట్టదు. రేపు ఆపరేటర్‌ను మార్చినా మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, వాటికి కలిసిన కెమెరాలు, టీవీ అన్నీ అలాగే ఉంటాయి. రెండు గదుల చిన్న పోర్షన్‌కు మాత్రం రెండు పెట్టెలు ఎందుకు? ఆపరేటర్ ఇచ్చేది రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) పెట్టె అయితే అదే చాలు.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఓఎన్‌టీల జోలికి పోవద్దు. అవి చాలావరకు ఏదో ఒక కంపెనీ ఇచ్చి తిరిగి తీసుకోవలసినవి. లోపలి సాఫ్ట్‌వేర్‌కు ఆ కంపెనీ తాళం ఉంటుంది, వేరే లైనులో కలవవు.

3. పెట్టె మీది అంకెలు

మొదట చూడవలసింది ల్యాన్ పోర్టు. 10/100 అని ఉంటే ఆ పోర్టులోంచి 94 ఎంబీపీఎస్‌కు మించి రాదు. 10/100/1000 అని, లేదా గిగాబిట్ అని ఉంటే 940 దాకా వస్తుంది. 150 లేదా 200 ఎంబీపీఎస్ ప్లాన్ కట్టి, 10/100 పోర్టున్న పెట్టె పెట్టుకుంటే మిగిలిన డబ్బు ప్రతి నెలా గాలికి పోయినట్టే. "ఏసీ 1200" అని పెద్దక్షరాలు రాసుకున్న రూటర్లలో కూడా 10/100 పోర్టులవి ఉన్నాయి. అట్టపెట్టె ముందువైపు చూసి మోసపోకండి, వెనకవైపు చిన్నక్షరాల్లో పోర్టు వివరం చదవండి.

ఆ 1200 ఎక్కడిదంటే, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కూడి పైకి సరిచేసింది. మామూలుగా ఒక ఫోన్ ఒక సమయంలో ఒక్క బ్యాండ్‌కే కలుస్తుంది. ఆ 867 కూడా గాలిలో లింకు వేగం, చేతికొచ్చేది అందులో సగం నుంచి మూడింట రెండు వంతులు. అలాగే "ఏఎక్స్ 1500" అంటే 300, 1201. మన ఫోన్లలో ఎక్కువ భాగం రెండు యాంటెనాలవే కాబట్టి ఆరు యాంటెనాల రూటర్ తెచ్చినా ఒక్క ఫోన్‌లో వేగం పెరగదు.

"300 ఎంబీపీఎస్ వైఫై" అని ఒకే బ్యాండ్‌తో వచ్చే చవక పెట్టెలను వదిలేయండి. అది 2.4 మాత్రమే. కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి ఇరుకు వీధుల్లో ఫోన్ తెరిస్తే ఇరవై ముప్పై వైఫై పేర్లు కనిపిస్తాయి, అవన్నీ ఆ కొద్దిపాటి జాగాలోనే తోసుకుంటుంటాయి. అక్కడ 300 కాస్తా 30, 40 అవుతుంది.

ఇప్పుడు కొనేవాళ్ళకు రెండు బ్యాండ్లు, గిగాబిట్ పోర్టులు, వైఫై 6 (అట్ట మీద ఏఎక్స్), డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్‌కు కొత్త రకం భద్రత) ఉంటే చాలు. ప్లాన్ 100 లోపే ఉండి, అది పెంచే ఆలోచన లేకపోతే వైఫై 5 (ఏసీ) రూటర్‌తోనూ నిక్షేపంగా నడుస్తుంది. వైఫై 7 కోసం ఎక్కువ డబ్బు పెట్టాలంటే ముందు ఇంట్లో దానికి తగ్గ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

4. గోడలు

మన వైపు పాత మిద్దెలకు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, పైన కమ్ములు వేసిన స్లాబు, వంటింట్లో గ్రానైట్, పడకగదిలో ఇనుప బీరువా. 5 గిగాహెర్ట్జ్ ఒక గోడ దాటితే బాగుంటుంది, రెండు దాటితే నీరసిస్తుంది, స్లాబు దాటి పై అంతస్తుకు పోయేది అంతంతమాత్రం. బీరువాకు అద్దం కూడా ఉంటే ఆ వెనక గది మీద ఆశ వదులుకోవాలి.

కొత్తది కొనకముందు పాత రూటర్‌తోనే కొలిచి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ రకం యాప్ ఏదైనా వేసుకుంటే సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చూపిస్తుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 దగ్గర అద్భుతం. మైనస్ 67 దాకా వీడియో కాల్ తెగకుండా నడుస్తుంది. మైనస్ 75 అంటే వాట్సాప్ సందేశాల వరకు సరే. మైనస్ 80 దాటితే కలిసినట్టే చూపించి పని చేయదు. ఒక్కో గదిలో తలుపు వేసి కొలిచి రాసుకోండి, ఎందుకంటే ఆఫీసు కాల్ మాట్లాడేది తలుపు వేసుకునే కదా.

ఒకే అంతస్తు, ఎనిమిది వందల నుంచి వెయ్యి చదరపు అడుగుల ఇల్లయితే మధ్యన పెట్టిన ఒక్క రూటర్ సరిపోతుంది. కింద మనం ఉండి పైన బాడుగకు ఇచ్చిన ఇళ్ళకు, లేదా పై అంతస్తు కూడా మనమే వాడుకునే ఇళ్ళకు ఒక్క పెట్టె ఎంత ఖరీదైనదైనా చాలదు. అక్కడ కావలసింది రెండో పెట్టె, దానికి ల్యాన్ తీగ. గోడకు గుచ్చే చవక ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో వినాలి, మళ్ళీ అదే రేడియోతో చెప్పాలి, అందుకే వేగం సగానికి పడిపోతుంది. మెష్ (ఒకే వైఫై పేరుతో కలిసి పనిచేసే పెట్టెల జట్టు) కొన్నా సరే, రెండు పెట్టెల మధ్య తీగ ఉంటేనే దాని అసలు బలం తెలుస్తుంది.

తీగ కొనేటప్పుడు క్యాట్ 6, అసలు రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవకగా అమ్ముతారు. తీగ చివర బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిస్తే అది పూతదే. అది ఎక్కువ దూరం లాగితే గిగాబిట్ నిలవదు, నాలుగుసార్లు వంచితే తెగుతుంది. మెట్ల పక్కన బయట నుంచి లాగే తీగకు ఎండ తట్టుకునే నల్ల తొడుగున్నది వాడండి, లేదా పీవీసీ పైపులో వేయండి. అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ అంచున ఉండే ఇళ్ళలో పైపు తప్పనిసరి. కోతులు ఊగడానికి వేలాడే తీగ ఏదైనా ఒకటే.

5. అడాప్టర్, బ్యాకప్

మోడెం మొండికేస్తోందని మార్చేవాటిలో చాలావాటికి అసలు రోగం అడాప్టర్‌లో ఉంటుంది. పెట్టె కింద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని రాసి ఉంటే వోల్టులు కచ్చితంగా 12 ఉండాలి, ఆంపియర్లు 1.5 లేదా అంతకంటే ఎక్కువ ఉండొచ్చు, తక్కువ కూడదు. 1 ఆంపియర్‌ది గుచ్చితే లైట్లు వెలుగుతాయి, అందరూ వైఫై వాడటం మొదలుపెట్టిన సాయంత్రం వేళ పెట్టె తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. పిన్ను లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లా, 2.5 మిల్లీమీటర్లా అన్నది కూడా చూసుకోవాలి. పెద్దది పెడితే దూరుతుంది గానీ వదులుగా ఉండి, తీగ కదిలినప్పుడల్లా ఆఫ్ అవుతుంది. కొత్త అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నవే తీసుకోండి.

ఇంటికి ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయిన ఆ క్షణంలో పెట్టె రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌కు మార్చండి. ఇన్వర్టర్ లేనివాళ్ళకు రూటర్ కోసమే చేసిన చిన్న యూపీఎస్‌లు ఉన్నాయి. వాటి మీద "8,000 ఎంఏహెచ్" అని ఉంటే అది 3.7 వోల్టుల సెల్‌ల లెక్క, 12 వోల్టులది కాదు. 8 ఆంపియర్-గంటలను 3.7తో గుణిస్తే 29.6 వాట్-గంటలు. వోల్టేజి పెంచడంలో పోయేది తీసేస్తే 25 అనుకోండి. ఫైబర్ పెట్టెకు 5 వాట్లు, రూటర్‌కు 8 వాట్లు పోతే మొత్తం 13. అంటే రెండు గంటలకు కాస్త తక్కువ. అట్ట మీద "4 గంటలు" అని రాశారంటే ఒక్క చిన్న పెట్టెకు లెక్కేశారన్నమాట. రెండు పెట్టెలనూ నడపాలంటే అవుట్‌పుట్ ఆంపియర్లు రెండింటికీ కలిపి సరిపోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ఉరుములు, ఈ రెండు కాలాల్లోనే పెట్టెలు ఎక్కువ కాలిపోతాయి. ఫైబర్‌లోని గాజు కరెంటును తేదు. తెచ్చేవి మూడు: ఇంటి కరెంటు లైను, బయట పరిచిన ల్యాన్ తీగ, ఫైబర్ తీగను మోసేందుకు దానికి అంటించి ఉన్న ఇనుప కమ్మి. ఆ కమ్మిని గోడ బయటి కొక్కెం దగ్గరే కోసేయమని టెక్నీషియన్‌కు చెప్పండి, ఇంట్లోకి గాజు తీగ ఒక్కటే రావాలి. ఎర్తింగ్ ఉన్న సాకెట్, సర్జ్ ప్రొటెక్టర్ సాయపడతాయి. కానీ పెద్ద ఉరుములు మొదలవకముందే ప్లగ్గు, ల్యాన్ తీగ రెండూ పీకేయడమే ఖాయమైన మందు.

6. బిగించే రోజు

టెక్నీషియన్ ఉన్నప్పుడే పవర్ మీటర్‌తో వెలుతురు కొలిచి చూపించమనండి. మీటర్ 1490 నానోమీటర్ల మీద ఉండాలి. జీపాన్‌లో మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం దాకా హాయి. మైనస్ 25, 26 అంటే ఇవాళ నడుస్తుంది, వానకు ఏ జాయింట్‌లో చెమ్మ చేరినా ఆగుతుంది. మైనస్ 27 తరువాత సాధారణ పెట్టెలు లైనును వదిలేస్తాయి. మైనస్ 8 కంటే బలంగా ఉన్నా ప్రమాదమే, లోపలి రిసీవర్ దెబ్బతింటుంది. 1:8 స్ప్లిటర్ ఒక్కటే పది డీబీకి పైగా తినేస్తుంది. ఆపరేటర్ స్ప్లిటర్ వెనక స్ప్లిటర్ తగిలించుకుంటూ పోతే మీ దాకా వచ్చేది మిణుకే. అప్పుడు మోడెం మార్చినా లాభం లేదు. స్తంభం దగ్గర స్ప్లైసింగ్ (ఫైబర్ అతుకు) మళ్ళీ చేయించాలి, లేదా వేరే పోర్టుకు మార్పించాలి.

కనెక్టర్ రంగు చూడండి. ఆకుపచ్చదానికి మొన 8 డిగ్రీలు ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలందానికి ఆ ఏటవాలు ఉండదు. ఆకుపచ్చ తీగను నీలం సాకెట్లో తోస్తే దూరుతుంది గానీ మొనలు సరిగ్గా ఆనవు, వెలుతురు సగం ఒలికిపోతుంది. ఒక చివర ఆకుపచ్చ, ఇంకో చివర నీలం ఉన్న ప్యాచ్ కార్డ్ (పొట్టి ఫైబర్ తీగ) వేయించండి. మొనను చొక్కా అంచుతో తుడవనివ్వొద్దు, దాని క్లీనర్‌తోనే తుడవాలి. తీగ మొనలోకి కన్నుపెట్టి చూడొద్దు, ఆ వెలుతురు కనపడదు, కంటికి మాత్రం తగులుతుంది. మిగిలిన తీగను టీ గ్లాసు చుట్టుకొలతకంటే పెద్ద చుట్టగా చుట్టి కట్టండి. మేకుకు వేలాడదీసి మడిచేస్తే వంపు దగ్గర వెలుతురు బయటికి కారిపోతుంది.

పెట్టెను టీవీ వెనకా, అటక మీదా, బీరువా పైనా పెట్టకండి. ఇంటి మధ్యన, ఐదారడుగుల ఎత్తులో, గోడకు. చాలా పెట్టెలు 40 డిగ్రీల దాకానే అని రాసుకుంటాయి. మే నెలలో తిరుపతి పై అంతస్తులో స్లాబు కింద గది వేడి ఆ గీతకు దగ్గర్లోనే ఉంటుంది. అందుకే ఫైబర్ పెట్టె మీద రూటర్ పేర్చవద్దు, పక్కపక్కన నాలుగంగుళాల ఎడం ఇవ్వండి. చీమలకు ఆ వెచ్చదనం ఇష్టం, రంధ్రాల దగ్గర అప్పుడప్పుడూ చూస్తుండండి.

7. సెట్టింగ్‌లు

బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా పెట్టె కింద రాసి ఉన్న చిరునామా కొట్టి లోపలికి వెళ్ళండి. మొట్టమొదట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కితే పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపేది) ఆపేయండి. భద్రత డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసినది పెట్టండి. పాత టీవీ కలవకపోతే డబ్ల్యూపీఏ2 ఒక్కటే ఉంచండి.

2.4లో చానల్ 1, 6, 11లలో ఏది ఖాళీగా ఉంటే అది, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే పక్కింటివాళ్ళతో గొడవే. 5లో చానల్ 36 లేదా 149, వెడల్పు 80. 52 నుంచి 144 వరకు చానళ్ళలో రాడార్ జాడ తగిలితే రూటర్ ఉన్నపళంగా చానల్ మారాలి, అప్పుడు కాల్ తెగుతుంది.

గెస్ట్ నెట్‌వర్క్ తప్పకుండా పెట్టండి. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి దర్శనానికి వచ్చే చుట్టాలందరికీ పాస్‌వర్డ్ చెప్పవలసిన ఊరు ఇది. వాళ్ళు వెళ్ళాక గెస్ట్ పాస్‌వర్డ్ మార్చుకుంటే సరి, మీ కెమెరాలను మళ్ళీ కలపనక్కరలేదు.

రెండు పెట్టెలున్నప్పుడు ఫైబర్ పెట్టె బ్రిడ్జిలో ఉంటే లాగిన్ మీ రూటర్‌లో కొట్టాలి. ఆపరేటర్ బ్రిడ్జి ఇవ్వకపోతే మీ రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై పంచడం మాత్రమే చేసేలా) పెట్టండి. రెండూ రూటర్లుగానే ఉంటే నెట్ నడుస్తుంది గానీ ఆటలు, ఆఫీసు వీపీఎన్, ఇంట్లో ఒక పరికరం ఇంకొకదాన్ని వెతుక్కోవడం తడబడతాయి. ఊరెళ్ళినప్పుడు ఇంటి డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) చూడాలనుకునేవాళ్ళు రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ ఇచ్చిన ఇంటర్నెట్ చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటర్ ఒకే చిరునామాను పలు ఇళ్ళకు పంచుతున్నట్టు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి డీవీఆర్‌కు రూటర్‌లో దారి తెరవడం) ఎంత చేసినా బయటినుంచి తెరుచుకోదు. స్టాటిక్ ఐపీ (మీకే కేటాయించిన, మారని చిరునామా) కొనాలి, లేదా కంపెనీ క్లౌడ్ ద్వారా చూపించే కెమెరా వాడాలి.

8. చెడినప్పుడు ఎక్కడ చూడాలి

- ఎల్ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుతురు రావడం లేదు. తీగ తెగింది, మడిచిపోయింది, లేదా కనెక్టర్ వదులైంది. రీసెట్ బటన్ నొక్కకండి, లాగిన్ వివరాలు చెరిగిపోయి రెండో తలనొప్పి తయారవుతుంది.
- పాన్ లైటు ఆగకుండా కొట్టుకుంటుంటే వెలుతురు ఉంది, అటువైపు పెట్టె నమోదు కాలేదు, లేదా పవర్ తక్కువ.
- పాన్ నిలకడగా వెలిగి ఇంటర్నెట్ లైటు లేకపోతే లాగిన్, వీల్యాన్, లేదా ప్లాన్ గడువు.
- వేగం సరిగ్గా 94 దగ్గర ఆగితే ఎక్కడో 10/100 పోర్టు, లేదా ల్యాన్ తీగలో నాలుగు జతలకు ఒకటి తెగింది. ముందు తీగ మార్చి చూడండి.
- ల్యాన్ తీగతో ల్యాప్‌టాప్‌లో వేగం బాగుండి ఫోన్‌లో లేకపోతే తప్పు వైఫైది. తీగలోనే రాకపోతే లైనుది. ఈ ఒక్క పరీక్ష చేసి ఫోన్ చేస్తే ఆపరేటర్ మీ మాట వేరేగా వింటాడు.
- రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్యే నెమ్మదిస్తే, తీగతో చూసినా అంతే ఉంటే, ఆపరేటర్ వెనక లైను నిండిపోయింది. మోడెంది తప్పు లేదు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు చెన్నై సర్వర్‌కు పింగ్ (సందేశం పోయి తిరిగి రావడానికి పట్టే సమయం) కూడా చూసుకోవాలి. చెన్నై ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్లు, గాజులో వెలుతురు పోయి రావడానికి ఒకటిన్నర మిల్లీసెకండ్లు. దారిలో పెట్టెలన్నీ కలుపుకుని 5 నుంచి 15 మిల్లీసెకండ్లు వస్తే సరైన లైను. 50, 60 వస్తుంటే మీ డేటా ఏ హైదరాబాదో, ముంబయో చుట్టి చెన్నై చేరుతోంది. దానికి ఏ రూటరూ మందు కాదు, ఇంకో ఆపరేటర్‌ను అడగాలి.

పెట్టె పెట్టిన మొదటి వారంలోనే ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి తీగతో వేగం కొలిచి తేదీతో రాసుకోండి. పెట్టె ఎన్ని గంటలుగా ఆగకుండా నడుస్తోందో దాని స్టేటస్ పేజీలో ఉంటుంది. కరెంటు పోకుండానే ఆ గడియారం సున్నాకు వచ్చిందంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి. అయినా ఆగకపోతే, తిరిగి తీసుకునే గడువు దాటకముందే బిల్లుతో షాపుకు పట్టుకెళ్ళండి.